బెల్లం కలిపిన గోడ

మా మామగారి అన్నదమ్ముల పంపకాల్లో మంచి పొలం, బోరు, రోడ్డు పక్క స్థలం ఎవరెవరికో పోయాక, చివరికి మిగిలిన గొడ్ల కొట్టం మా ఆయన వాటాకి వచ్చింది. పలమనేరు దాటి లోపలికి పోతే ఊరు అయిపోయాక, చింతతోపు కూడా అయిపోయాక ఉంటుంది అది. దాని వెనక ఒక బీడు, బీడు చివర ఏనుగులు దాటకుండా తవ్విన కందకం, కందకం అవతల అడవి.

నాకు ఆ కొట్టం మీద ఆశ పుట్టడానికి కారణం పట్టు. నేను పుట్టింది నగరిలో. మా ఇంట్లో మగ్గం ఉండేది. మా నాయన నేసే చీరల అంచుల్లోకి ఎక్కడినుంచో పట్టు కండెలు వచ్చేవి. ఆ దారం పురుగు నోట్లోంచి వస్తుందని మా అమ్మ చెబితే చాలా రోజులు నమ్మలేదు. పెళ్ళయి తిరుపతికి వెళ్ళాక మేమిద్దరం రైల్వే స్టేషను దగ్గర టిఫిన్ హోటల్ నడిపాం. పిల్ల పెళ్ళయింది, మా ఆయనకు మోకాళ్ళు అరిగాయి, పొయ్యి దగ్గర నిలబడలేకపోయాడు. హోటల్ వదిలేసి ఏం చేద్దామని కూర్చున్నప్పుడు, పట్టుపురుగులు పెంచుదామని అన్నది నేనే. పలమనేరు చుట్టుపక్కల ఎంతోమంది మల్బరీ వేసి పురుగుల్ని పెంచుతున్నారు. అయితే రేకుల షెడ్డు వేసినవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు. ఎండకి షెడ్డు కాలిపోయి పురుగులు చస్తున్నాయని, చల్లటి చోటు ఉంటే సగం పంట చేతికొచ్చినట్టేనని.

మొదటిసారి ఆ కొట్టంలోకి అడుగుపెట్టింది నడి వేసవిలో. బయట చెప్పుల్లేకుండా నిలబడలేని ఎండ. లోపలికి పోగానే ఒళ్ళంతా చల్లబడింది. మూరెడు మందం మట్టి గోడలు, కింద రాతి పునాది, పైన తాటి దూలాలు, నాటు పెంకులు. సగం పెంకులు రాలిపోయి నేల మీద వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతోంది. గడ్డి దాచుకోవడానికి ఒక పక్క చెక్క అటక. సున్నం ఊడిపోయి మట్టి బయటపడింది కానీ, గోడలు నిటారుగా ఉన్నాయి. ఒక్క వెనక గోడ మాత్రం కాదు. దాని మధ్యలో, ఒక పెద్ద వాకిలి అంత మేర, వేరే రాళ్ళు. చేతికి దొరికిన రాయి దొరికినట్టు పేర్చి మట్టితో పూడ్చారు. అది కట్టినవాళ్ళు తొందరలో ఉన్నారని చూడగానే తెలుస్తుంది.

"ఇదేంది ఇట్లుండాది?" అని మా ఆయన్ని అడిగాను.

"వానకి పడిపోయుంటాది. చిన్నమామ మళ్ళీ కట్టుకునుంటాడు," అన్నాడు. చిన్నమామ అంటే మా మామగారి తమ్ముడు. ఆయన పోయి చాలా కాలమైంది. మా ఆయన చిన్నప్పుడే చదువుకోసం ఊరొదిలి తిరుపతి చేరాడు కాబట్టి అంతకు మించి తెలియదు. ఏనుగుల గురించి కూడా అడిగాను. కందకం తవ్వాక ఈ పక్కకి రావడం లేదని ఊళ్ళోవాళ్ళు చెప్పారట.

ఊరికీ కొట్టానికీ మధ్య ఒకే ఒక్క ఇల్లు. అందులో ఒక అక్క ఒంటరిగా ఉంటుంది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. భర్త లేడు. రాగులు, వేరుశెనగ వేసుకుని తన పొలం తానే చేసుకుంటుంది. మేం కొట్టం బాగుచేస్తున్నామని తెలిసిన రోజు నుంచి ఆమె సంతోషం చూడాలి. తన బోరు నీళ్ళు పట్టుకోమంది. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి పెట్టేది. "నువ్వు రా అమ్మీ, నువ్వొచ్చినావంటే ఈ పక్క మనిసి సందడి ఉంటాది," అనేది. ఆమె వసారాలో బల్బు ఒకటి పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేది. ఎందుకక్కా, పగలెందుకు అని అడిగితే ఆర్పడం మరిచిపోతానని చెప్పింది.

ఒక్క విషయంలో మాత్రం పట్టుపట్టింది.

"వెనక పక్క కిటికీలు పెట్టొద్దు అమ్మీ."

"పురుగులకి గాలి ఆడాల గదక్కా."

"గాలి ముందర నుంచి కూడా వస్తాది."

ఎందుకని అడిగితే, అడవి పక్కనుంచి చలిగాలి మంచిది కాదంది. నేను సరేనన్నాను.

సిమెంటు వద్దని ముందే నిర్ణయించుకున్నాం. మట్టి గోడ మీద సిమెంటు పూస్తే రెండూ కలవవు, లోపలి తడి బయటకు పోక గోడ కుళ్ళుతుందని, పైగా పురుగులకి ఆ వేడి పడదని పెంపకందార్లు చెప్పారు. సున్నం పనివాడి కోసం చాలా తిరిగాం. చివరికి పుంగనూరులో ఒకాయన దొరికాడు. సాయిబు. తాత కాలం నుంచి సున్నం పనే. ఇప్పుడు ఎవరూ పిలవక తిరుపతి అపార్టుమెంట్లలో బాత్రూముల టైల్స్ అతికిస్తున్నాడు. కొట్టం అంతా తిరిగి చూశాడు. గోడ మీద అరచెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు. "మా నాయన పోయినాక ఈ పని నేను చేస్తానని అనుకోలేదక్కా," అన్నాడు. ఆయన నాకంటే పెద్ద. అయినా నన్ను అక్కా అనేవాడు. నేను అన్నా అనేదాన్ని.

వానలు తగ్గుముఖం పట్టాక, మేం ఊళ్ళో మా మరిది ఇంట్లో దిగి పని మొదలుపెట్టించాం. కొట్టం ముందర గొయ్యి తవ్వి కాల్చిన సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశాడు. గొయ్యి కుతకుతా ఉడికింది. దగ్గరకు రావద్దని మమ్మల్ని కసిరాడు. కళ్ళలో పడితే చూపు పోతుందని, కాలు పడితే చర్మం ఊడొస్తుందని చెప్పాడు. ఆ సున్నం కొన్నాళ్ళు నానాలి. ఇంకో పక్క రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరక్కాయలు దంచి వేసి, దిమ్మల దిమ్మల నల్లబెల్లం వేసి నీళ్ళు నింపాడు. అదీ నానాలి. నాలుగు రోజులకల్లా కల్లు దుకాణం దగ్గర వచ్చే వాసన మొదలైంది. బీడు మీదుగా గాలి తిరిగితే ఆ వాసన అడవి వైపు పోయేది. మాకు అప్పుడు అది తట్టలేదు.

"ఈ నీళ్ళు కలిపితేనే సున్నానికి పట్టు. లేకుంటే పొడిపొడిగా రాల్తాది," అని చెప్పాడు మేస్త్రి.

పైకప్పు ముందు అయింది. పుచ్చిపోయిన తాటి దూలాలు రెండు మార్చారు. పాత పెంకులు దించి, కడిగి, పగిలినవి తీసేసి మళ్ళీ ఎక్కించారు. తర్వాత పక్క గోడలకు పూత. ఇసుక, సున్నం, బెల్లం నీళ్ళు కలిపిన ముద్దని రోజంతా దంచి, తాపీతో గోడకు కొట్టి, నున్నటి రాయితో రుద్దేవాడు. రుద్దినకొద్దీ గోడ వెన్నలాగా మెరిసేది. నేనూ రుద్దడం నేర్చుకున్నాను. మగ్గం మీద నేసిన బట్టని మా నాయన చేత్తో తడిమి చూసుకునేవాడు. ఆ గోడని నేను అట్లా తడిమేదాన్ని.

మొదట గమనించింది కుక్కల సంగతి. ఊరి కుక్కలు రెండు పొద్దునే మా దగ్గరకొచ్చి, మిగిలిన టిఫిన్ తిని అక్కడే పడుకునేవి. ఒక వారం తర్వాత అవి చింతతోపు దగ్గరే ఆగిపోయాయి. పిలిస్తే తోక ఊపుతాయి తప్ప ముందుకు రావు. ఇడ్లీ ముక్క చూపించినా రాలేదు.

తర్వాత ఒక ఉదయం, అడవి వైపు మూల గోడకి బయట పూసిన పచ్చి పూత మీద ఒక గుర్తు కనబడింది. ఎవరో తడిగుడ్డ పెట్టి గుండ్రంగా తుడిచినట్టు ఉంది. మేస్త్రికి కోపం వచ్చింది. ఊళ్ళో పిల్లలెవరో చేసుంటారని తిట్టాడు. నేను దగ్గరకు పోయి తల పైకెత్తి చూశాను. అది మేస్త్రి చెయ్యెత్తినా అందనంత ఎత్తులో ఉంది. ఆ తుడుపులో సన్నటి గీతలు, గరుకు చీపురు లాగినట్టు. గీతల చివర పక్కపక్కనే రెండు గుంటలు.

"నిచ్చెన ఏసుకోని ఎవురైనా ఎక్కినారేమో," అన్నాను.

"ఎక్కితే నిచ్చెన కాళ్ళు నేల మీద దిగబడాల గదక్కా," అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో కోపం పోయింది. ఆ చోట మళ్ళీ పూత పూశాడు.

మధ్యాహ్నం అక్క సంగటి గిన్నెతో వచ్చింది. ఆ గోడ దగ్గర ఆగింది. కొత్తగా పూసిన చోటు తడి రంగు వేరుగా కనబడుతోంది. ఆమె దాన్నీ, అది ఉన్న ఎత్తునీ చూసింది. గిన్నె నా చేతిలో పెట్టి, కూర్చోకుండా వెళ్ళిపోయింది. మరుసటి రోజు రాలేదు.

ఆ తర్వాతి ఉదయం మేం పోయేసరికి డ్రమ్ములు రెండూ పడి ఉన్నాయి. ఒకటి నొక్కుకుపోయి చపాతీలాగా అయింది. కరక్కాయ పిప్పి నేలంతా చెదిరింది. మిగిలిన బెల్లం దిమ్మలు ముందురోజు మూటగట్టి లోపల వాకిలి పక్కనే పెట్టి ఉన్నాం. తలుపు ఒక రెక్క వంగి వేలాడుతోంది, మూట లేదు. కొంచెం దూరంలో గోనెసంచి దొరికింది. దాన్ని నమిలి ఉమ్మేసినట్టుంది. సున్నం గొయ్యి అంచున, తెల్లటి ముద్దలో ఒక అడుగు. పెళ్ళిళ్ళలో వాడే పెద్ద తాంబాళం అంత ఉంది. అందులో ఎండిన చెరువు నేల మాదిరి బీటలు అచ్చుగా పడ్డాయి.

ఊళ్ళో ఏనుగుల కాపలాకి తిరిగే ఒకాయన్ని మా ఆయన పిలుచుకొచ్చాడు. ఆయన వంగి ఆ అడుగు చూసి, బీడు వైపు నడిచి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. వానలకి కందకం ఒకచోట పూడిపోయిందని, అక్కడినుంచి దిగినాడని చెప్పాడు.

"ఒక్కడే. మందతో కాదు. ఇట్ల ఒంటిగా తిరిగేటోడితోనే కష్టం."

"మళ్ళీ వస్తాడా?" అని అడిగాను.

ఆయన గొయ్యి వైపు చూపించాడు. "ఇందులో కాలు పెట్టినాడమ్మా. సున్నం కాల్చింటాది. నొప్పితో ఉండాడు. ఎట్లుంటాడో సెప్పలేము."

ఆ సాయంత్రం నేనే అక్క ఇంటికి పోయాను. ఆమె వేరుశెనక్కాయలు వలుస్తోంది. ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చాడా అని అడిగాను. ఆమె తల ఎత్తలేదు.

"ఆయప్ప వస్తాడు, పోతాడు. అడివి పక్కన ఉంటే తప్పుతాదా?" అంది. ఆ వైపు చాలామంది ఆ జంతువు పేరు పలకరు. మనిషిని అన్నట్టే ఆయప్ప అంటారు. మళ్ళీ వేరుశెనక్కాయల మీదకి వంగింది.

మా ఆయన పని ఆపేద్దామన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. మిగిలింది వెనక గోడ, నేల గచ్చు మాత్రమేనని, పురుగులకి గూడు కట్టేదానికి ఇల్లు సగంలో వదిలేస్తామా అని వాదించాడు. బెల్లం నీళ్ళు ఊళ్ళో మా మరిది ఇంటి వెనక నానబెడదాం, ఆడనే కలిపి, కలిపిన ముద్ద మాత్రమే కొట్టానికి తెద్దాం, సున్నంలో కలిసినాక బెల్లం వాసన చచ్చిపోతుంది అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నాకు ఆ గోడ పూర్తికావాలని ఉంది. పొద్దు వాలకముందే పని ఆపి వచ్చేయాలని, రోజూ సాయంత్రం పిడకల మీద ఎండుమిరపకాయలు వేసి పొగబెట్టాలని ఒప్పందం చేసుకున్నాం.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఆ రోజులే నాకు ఎక్కువ భయంగా గుర్తున్నాయి. ఎండ బాగానే ఉండేది, పని బాగానే సాగేది. అయినా మేస్త్రి తాపీ ఆపి బీడు వైపు చూసేవాడు. నేను రాయితో రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయేదాన్ని. ఇద్దరం ఒకేసారి ఆగినప్పుడు ఒకరి ముఖం ఒకరం చూసుకుని మళ్ళీ పనిలో పడేవాళ్ళం. అడవి మాత్రం మామూలుగానే ఉండేది. దూరంగా నెమళ్ళు అరిచేవి. మేకలు తోలుకొచ్చేవాళ్ళు బీడులోకి రావడం మానేశారు.

ఆ రోజు పొద్దుట్నుంచి మబ్బు. మధ్యాహ్నం తర్వాత సన్నటి జల్లు పట్టింది. మా ఆయన ముందరి చూరుకి తక్కువపడిన పెంకుల కోసం ఆటో మాట్లాడుకుని పలమనేరు పోయాడు. మేస్త్రి పరంజా మీద నిలబడి, వెనక గోడలో ఆ పాత పూడిక మీద లోపలి పక్క పూత పూస్తున్నాడు. మధ్యలో ఆపితే అతుకు కనబడుతుంది, అతుకు దగ్గరే గోడ పగులుతుంది అని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ సాగదీశాడు. మబ్బుకి పొద్దు తెలియలేదు. లైటు వేశాం. తడికి పిడకలు అంటుకోలేదు, పొగ రాలేదు.

నేను ముద్ద అందించడానికి వంగి, లేచేటప్పుడు వాకిట్లోంచి చూశాను. అక్క వసారాలో బల్బు వెలగడం లేదు.

"కరెంటు పోయిందా అన్నా?" అన్నాను. అన్నాక నాకే తెలిసింది, మా లైటు వెలుగుతూనే ఉందని.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన గోనె, పులిసిన గడ్డి, వాటి కింద పచ్చిగా ఇంకేదో. తర్వాత ఒక మోత. దూరంగా లారీ ఇంజను ఆపకుండా నిలబెడితే ఎట్లా ఉంటుందో అట్లా. చెవికి కాదు, అరికాళ్ళకి తెలిసింది.

మేస్త్రి ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి ఉన్నాడు. ఆ చెయ్యి తియ్యకుండా, మెల్లగా, నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పాడు.

"గోడ కదల్తా ఉండాదక్కా. అటక ఎక్కు."

నేను నిచ్చెన ఎక్కాను. ఎట్లా ఎక్కానో గుర్తులేదు. పైన దూలాన్ని కరుచుకుని చూస్తే, కొత్త పూత మధ్యలో బొడ్డులాగా ఉబ్బింది. మేస్త్రి పరంజా మీద నుంచి అటక వైపు ఒక కాలు చాచాడు. అంతలో పాత పూడిక రాళ్ళు లోపలికి జారాయి. పెద్ద చప్పుడు కూడా కాలేదు. తడి మట్టి కాబట్టి మెత్తగా దబదబమని కూలింది. పరంజా, దానితో పాటు మేస్త్రి కింద పడ్డారు. ఒక రాయి ఆయన భుజం మీద పడడం నేను చూశాను.

గోడ ఉన్నచోట తల ఉంది. లైటు వెలుగులో నుదురు మీద సున్నం, తడి. ఒక దంతం పొడుగు, రెండోది విరిగి పొట్టి. తొండం లోపలికి వచ్చింది. తొందరేం లేదు దానికి. ముద్ద ఉన్న బొచ్చెని తడిమింది, పక్కకు నెట్టింది. నేల మీద పూత ముక్కని ఎత్తి చూసి వదిలేసింది. తర్వాత మేస్త్రి దగ్గరకు వచ్చింది. ఆయన పక్కకు ఒరిగి పడి ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. తొండం ఆయన పాదం నుంచి మొదలుపెట్టి, లుంగీ మీదుగా, రోజంతా బెల్లం సున్నంలో మునిగిన చేతుల దాకా వెళ్ళింది. ఒక్కో వేలినీ వాసన చూసింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. నేను ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాను కానీ నొక్కలేదు. వెలుగు వస్తే చూస్తుందని భయం.

ఎంతసేపో చెప్పలేను. తొండం వెనక్కి పోయింది. బయట అడుగులు కూడా వినబడలేదు. వాసన తగ్గితే వెళ్ళిందనుకున్నాను. అప్పుడు ఫోను చేశాను. మా ఆయన ఊళ్ళోవాళ్ళకి చెప్పాడు, వాళ్ళు టపాకాయలు కాల్చుకుంటూ, రేకు డబ్బాలు కొట్టుకుంటూ వచ్చారు. మేస్త్రిని తలుపు రెక్క మీద పడుకోబెట్టి రోడ్డు దాకా మోసి, అక్కడినుంచి చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. భుజం ఎముక విరిగింది, మూడు చోట్ల. ఆయన భార్య వచ్చి మంచం పక్కన కూర్చుంది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని నాకు అనిపించింది.

అక్క ఆ రాత్రి రాలేదు. మరుసటి రోజూ రాలేదు. నేనే పోయాను. వసారాలో బల్బు మళ్ళీ వెలుగుతోంది.

"నువ్వు సూసినావు గదా," అన్నాను. "మాకంటే ముందు సూసినావు. దీపం ఎందుకు ఆర్పినావు?"

"భయమేసింది," అంది.

"ఒక్క కేక వేసుంటే దిగి బయటికి పోయేవాళ్ళం."

ఆమె చాలాసేపు కొంగు అంచు మడిచింది, విప్పింది. తర్వాత చెప్పింది. ఆ గోడ వానకి పడలేదు. చిన్నమామ కొట్టంలో రాగులు నిలవ పెట్టుకున్నాడు. ఇట్లాంటిదే ఒకటి వచ్చి గోడ తోసి, రాగులు తినింది. గొడ్లు తాళ్ళు తెంపుకుని అరుస్తుంటే ఈమె భర్త దివిటీ పట్టుకుని, కేకలు వేస్తూ పరిగెత్తాడు.

"నా మొగుడు దివిటీ ఎత్తుకోని పోయినాడు. నేను ఈడ నిలబడి సూసినా. ఎలుతురు ఏ పక్క పోతే ఆ పక్కకే ఆయప్ప తిరిగినాడు. అందుకే ఆర్పినా. అరుద్దామంటే గొంతు రాలే."

వసారా మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడు అడిగాను. "మరి ఇది ముందే ఎందుకు సెప్పలేదక్కా? మొదటి దినమే ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే మీరు వచ్చేవోళ్ళు కాదు." ఆమె నా వైపు చూడలేదు. "మీ చిన్నమామ పోయినాక ఇన్నేండ్లు నేనొక్కదాన్నే ఈడ. నా దీపం తప్ప ఇంగో దీపం లేదు. ఆ కొట్టంలో మనుషులుంటే చాలనుకున్న్యా. వెనక కిటికీలు పెట్టకుంటే చాల్లే అనుకున్న్యా."

నేను లేచి వచ్చేశాను. దారంతా ఒళ్ళు మండుతూనే ఉంది. చాలా వారాలు ఆమెతో మాట్లాడలేదు. నీళ్ళు కూడా ఊళ్ళోనుంచే తెచ్చుకున్నాం.

కొట్టం వదిలేద్దామని మా ఆయన మళ్ళీ అన్నాడు. ఈసారి నేనూ కాదనలేకపోయాను. కానీ అప్పటికే, కొట్టం ముందున్న కింది మడిలో వానలప్పుడు మేం నాటిన మల్బరీ కొమ్మలు చిగురించాయి. పైగా ఒక రోజు, సంచి ఒకటి భుజాన వేసుకుని, కట్టుతో మేస్త్రి బస్సు దిగాడు. ఆయన కుడిచెయ్యి ఛాతీ కంటే పైకి లేవడం లేదు. గోడ చూస్తానన్నాడు. కూలిన చోట నిలబడి, ఒక్కో రాయినీ కాలితో కదిపాడు.

"దీన్ని మట్టితో కట్టకూడదక్కా. గ్రానైటు రాళ్ళు పేర్చి కట్టాల. ఈ గోడకి బెల్లం వద్దు. ఉత్త సున్నం."

"ఉత్త సున్నం రాల్తాదని నువ్వే అన్నావు గదన్నా."

"రాల్తే మళ్ళీ పూసుకుందాం," అన్నాడు.

చుట్టుపక్కల రాతి క్వారీల్లో మిగిలిపోయిన రాళ్ళు ట్రాక్టరుతో తోలించాం. ఇద్దరు కూలీల్ని పెట్టుకున్నాక, రాతి గోడ అడుగుకు అడుగు దిట్టంగా లేచింది. పూత మాత్రం తానే పూస్తానన్నాడు మేస్త్రి. ఆయన చెయ్యి లేచినంత ఎత్తు వరకు ఆయన పూశాడు, పై భాగం నేను పూశాను. కింద నిలబడి ఆయన చెబుతుంటే, పరంజా మీద నిలబడి నేను రాయితో రుద్దాను. ఎంత రుద్దినా నాది ఆయన పూతలా రాలేదు. ఎక్కడ ఆయన ఆగాడో ఎక్కడ నేను మొదలుపెట్టానో ఇప్పటికీ లోపలికి వచ్చినవాళ్ళకి తెలుస్తుంది. పక్క గోడల్లో ఉన్న బెల్లం ఏం చెయ్యాలని అడిగితే, "అది ఇంగ గోడే," అన్నాడు కానీ ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

చలికాలం చివర్లో చిన్న పురుగుల్ని తెచ్చాం. తట్టల నిండా, అగరబత్తి నుసిలాగా. లేత ఆకు సన్నగా తరిగి వెయ్యాలి, పెరిగేకొద్దీ మేత పెరుగుతుంది. మూడో వారానికి నాకూ మా ఆయనకూ చేతులు చాల్లేదు. ఒక పొద్దున నేను మడిలో ఆకు కోస్తుంటే, అవతలి సాలులో ఇంకెవరో కోస్తున్న చప్పుడు వినబడింది. అక్క. కోసిన ఆకు నా గంపలో వేసి మళ్ళీ కోతకి వంగింది. నేను వద్దనలేదు. మధ్యాహ్నం ఇద్దరం కలిసి తిన్నాం. ఆమెను క్షమించానా అంటే, ఆ మాట మా మధ్య రాలేదు. ఆమె భర్తని గురించి మాత్రం కొంచెం కొంచెంగా చెప్పడం మొదలుపెట్టింది. మంచి హాస్యగాడట.

పురుగులు పొర విడిచే ముందు తల పైకెత్తి, మేత మాని, కదలకుండా ఉండిపోతాయి. మా వైపు దాన్ని జ్వరం అంటారు. ఆ రోజు కొట్టం అంతా నిశ్శబ్దం. అడవిలో కొమ్మ విరిగినా వినబడుతుంది. అక్క, నేను ఆ నిశ్శబ్దంలో తట్టల మధ్య కూర్చుని, తలుపు దగ్గర ఒకరు, వెనక గోడ దగ్గర ఒకరు, వింటూ ఉంటాం. ఏమీ వినబడకపోతే బయట ఏమీ లేదని తెలుస్తుంది. అది కొంత నయం.

నాలుగో జ్వరం దిగాక అసలు కష్టం. వేలాది పురుగులు ఒక్కసారిగా ఆకు మీద పడతాయి. పెంకుల మీద జల్లు పడుతున్నట్టు కొట్టం అంతా ఒకటే చప్పుడు, రాత్రీ పగలూ ఆగదు. మొదటి పంటకి అది విని మా ఆయన సంతోషంతో నవ్వాడు. నాకు మాత్రం గుండెల్లో దడ మొదలైంది. ఆ చప్పుడులో బయటిదేదీ వినబడదు. కందకం మళ్ళీ తవ్వారు. ఆ ఒంటిగాడు సరిహద్దు దాటి తమిళనాడు అడవుల్లోకి పోయినాడని కొందరు, లేదు, కాలు కుంటుతూ కౌండిన్య అభయారణ్యం పక్కన కనబడినాడని కొందరు చెబుతారు. రెండు పంటలు గూళ్ళు బాగానే వచ్చాయి. మూడోది ఇప్పుడు మేతలో ఉంది. అక్క లోపల ఆకు వేస్తోంది. నేను వెనక గోడ బయట కుర్చీ వేసుకుని, బీడు వైపు చూస్తూ కూర్చున్నాను. కొంచెంసేపయ్యాక నేను లోపలికి పోతాను, ఆమె వచ్చి కూర్చుంటుంది.